మెడకు దెబ్బ – ఊపిరికి ముప్పు



ఒక గీత కార్మికుడు తాటిచెట్టు ఎక్కాడు అనుకోండి. మోకు జారింది. కింద పడ్డాడు. నెత్తురు రాలేదు. మాట వస్తున్నది. కాని కాళ్లు, చేతులు కదలడం లేదు.

జనం పరుగెత్తి వచ్చారు. "లేపి కూర్చోబెట్టండి. నీళ్లు తాగించండి" అన్నారు.

అతని భార్య అడ్డం నిలబడింది. "లేపకండి! మెడ కదిలితే ఊపిరికే ముప్పు" అన్నది.

ఆమె మాట నిజమేనా? మెడకూ ఊపిరికీ ఏమిటి సంబంధం?

మెడలో 7 వెన్నుపూసలు ఉంటాయి. పూసల్లో దారం ఉన్నట్టు వాటి లోపల వెన్నుపాము ఉంటుంది. మెదడు చెప్పే మాట దీని గుండానే ఒంటికి చేరుతుంది.

కమ్మరి కొలిమి తిత్తిని చూశారు కదా! తిత్తి తనంతట తాను ఊదదు. లాగే చెయ్యి కావాలి. మన ఊపిరితిత్తులూ అంతే. వాటిని లాగే చెయ్యి ఒక కండ. అది రొమ్ముకూ పొట్టకూ నడుమ అడ్డంగా ఉంటుంది. డాక్టర్లు దాన్ని డయాఫ్రమ్ అంటారు. అది కిందికి దిగితే గాలి లోపలికి వస్తుంది. పైకి లేస్తే గాలి బయటికి పోతుంది.

ఈ కండకు పోయే నరాలు మెడలోనే పుడతాయి. 3, 4, 5 పూసల దగ్గర బయలుదేరుతాయి. అంతకు పైన వెన్నుపాము పూర్తిగా నలిగితే ఊపిరి ఆగుతుంది. అప్పుడు మిషనుతో ఊపిరి ఇవ్వాలి.

అమెరికాలో క్రిస్టఫర్ రీవ్ అనే సినిమా నటుడు ఉండేవాడు. సూపర్‌మాన్ వేషం వేసిన బలశాలి. 1995లో గుర్రం మీంచి పడ్డాడు. మెడలో పై పూసలు విరిగాయి. ఊపిరికి మిషను పెట్టారు. అయినా ధైర్యం విడవలేదు. చక్రాల కుర్చీలో ఉండే 1997లో టీవీకి ఒక సినిమా తీశాడు. 2004 దాకా బతికాడు.

దెబ్బ 5వ పూసకు కింద తగిలితే డయాఫ్రమ్ పనిచేస్తుంది. కాని రొమ్ము కండలు, పొట్ట కండలు పడిపోతాయి. మనిషి గట్టిగా దగ్గలేడు. కఫం లోపలే పేరుకుంటుంది. న్యుమోనియా వస్తుంది. పైగా మొదటి రోజుల్లో వెన్నుపాము వాస్తుంది. పొద్దున బాగున్న ఊపిరి మాపటికి తగ్గవచ్చు. "మాట్లాడుతున్నాడు కదా" అని ఇంట్లో ఉంచుకోవద్దు.

మరి ఏం చేయాలి?

వెంటనే 108కి ఫోన్ చేయండి. పడ్డ మనిషిని పడ్డట్టే ఉంచండి. ఒకరు తల దగ్గర కూర్చుని రెండు చేతులతో తల కదలకుండా పట్టుకోండి. నీళ్లు పోయకండి. కాళ్లు, చేతులు పట్టి మోయకండి. ఊపిరి ఆగితే మాత్రం ఆలస్యం చేయకండి. రొమ్ము మధ్య రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక కూడా పని ఉంది. పక్కలు మార్చి పడుకోబెట్టాలి. రోజూ దీర్ఘంగా ఊపిరి తీయించాలి. అతను దగ్గేటప్పుడు మనం పొట్ట మీద నొక్కి సాయం చేయవచ్చు. ఎట్లా నొక్కాలో ఆసుపత్రిలోనే అడిగి నేర్చుకోండి. జ్వరం వచ్చినా, మాట సన్నబడినా, పెదవులు నీలబడినా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.

ఆ భార్య చెప్పింది ఒక్క మాటే. "లేపకండి" అన్నది. ఆ మాట వెనక ఇంత సంగతి ఉంది. ఇప్పుడు మీకూ తెలిసింది. ఈ రాత్రే మీ ఇంట్లో చెప్పండి. చెట్లెక్కే వాళ్ల ఇళ్లల్లో ముందు చెప్పండి.