వెలలు తగ్గిన కాలమున ఇండ్ల క్రయవిక్రయములు



ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిరి. ఇల్లు అమ్మి చూడుమని మాత్రము వారు చెప్పలేదు. ఏలయన, పూర్వము పల్లెలలో ఇల్లు అమ్మకపు సరకు కాదు. తాత కట్టిన యింట మనుమడు కాపురముండెడివాడు. నేడట్లు కాదు. కుమారుడు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉద్యోగము చేయును. కుమార్తె వేరొక పట్టణమున కాపురముండును. ఊరిలోని యిల్లు అమ్మవలయునా, పట్టణమున ఇల్లు కొనవలయునా అను ప్రశ్న ప్రతి కుటుంబమునకును ఏదో యొకనాడు వచ్చుచున్నది. వెలలు పెరుగుచున్నప్పుడు ఈ ప్రశ్నకు అందరును జవాబు చెప్పగలరు. వెలలు పడినప్పుడే పెద్దల సలహా కావలసివచ్చును. దస్తావేజులు వ్రాయు వృత్తిలో ముప్పది యేండ్లకు పైగా గడపినవాడను గావున, అట్టి దినములలో నేను చూచినవియు, తెలిసికొన్నవియు మీకు మనవి చేసెదను.

మొదట ఒక మాట. వెలలు పడుట క్రొత్త సంగతి కాదు. 1929లో ప్రపంచమంతటను వ్యాపించిన ఆర్థికమాంద్యములో మన డెల్టా జిల్లాల ధాన్యపు ధర నాలుగైదేండ్లలో సగమునకంటె తక్కువకు దిగెను. ధాన్యముతోపాటు భూముల వెలలును, ఇండ్ల వెలలును దిగెను. కాని రైతులు వ్రాసి యిచ్చిన నోట్లలోని అంకెలు మాత్రము దిగలేదు. వేయి రూపాయల అప్పు వేయి రూపాయలుగనే నిలిచెను; దానిని తీర్చుటకు మునుపు అమ్మిన ధాన్యమునకు రెట్టింపు అమ్మవలసివచ్చెను. ఈ బాధ యెంత పెద్దదయ్యెననగా, మద్రాసు ప్రభుత్వము 1938లో రైతు ఋణ విమోచన శాసనము చేసి, 1932 అక్టోబరు 1వ తేదీకి పూర్వపు అప్పులపై నిలిచియున్న వడ్డీని కొట్టివేసెను. అసలునకు రెండింతలు చెల్లించినవారి అప్పు పూర్తిగా తీరినట్లే యని విధించెను. వెల పడును, అప్పు పడదు. నేటి ప్రసంగమునకు ఇదియే మూలసూత్రము.

అమెరికా దేశమున 2006 వరకు ఇండ్ల వెలలు పెరుగుచునే యుండెను. తీర్చు శక్తి లేనివారికిని బ్యాంకులు అప్పులిచ్చెను. ఇంటి వెల యెట్లును పెరుగునుగదా, అప్పు అదియే తీరునని యిచ్చినవారును, పుచ్చుకొన్నవారును తలచిరి. పిమ్మట వెలలు దిగుట మొదలిడెను. 2008 సెప్టెంబరు 15వ తేదీన లీమన్ బ్రదర్స్ అను గొప్ప సంస్థ దివాలా ప్రకటించెను. 2012 నాటికి దేశపు సగటున ఇండ్ల వెలలు నాలుగవవంతుకు మించి పడెను. లాస్ వేగస్ నగరమున సగమునకు మించి పడెను. మన జిల్లాలనుండి పోయి అచ్చట ఇండ్లు కొన్న ఇంజనీర్లును ఈ దెబ్బ తినిరి. ఉద్యోగము నిలిచినవారు వాయిదాలు కట్టుకొనుచు ఇంటనే యుండిరి. ఉద్యోగము పోయినవారికి మాత్రము, ఇల్లమ్మినను అప్పు తీరని స్థితి యేర్పడెను. సగటు వెల మరల పూర్వపు స్థాయికి చేరుటకు సుమారు పది సంవత్సరములు పట్టెను.

ఓపిక పట్టినచో వెల యెప్పటికైనను వచ్చునుగదా యని కొందరందురు. ఎల్లప్పుడును రాదు. జపానులో 1991 ప్రాంతమున పడ మొదలిడిన పట్టణ భూముల వెలలు దశాబ్దమునకు మించి పడుచునే యుండెను.

మన యింటి ముంగిట జరిగిన సంగతియు మరువరాదు. 2014లో రాష్ట్రవిభజన పిమ్మట, అమరావతి ప్రాంతమున రాజధాని వచ్చునని తేలగానే కృష్ణాతీరపు గ్రామములలో భూముల వెలలు ఆకసమునంటెను. 2019 డిసెంబరులో మూడు రాజధానులు కావచ్చునన్న మాట శాసనసభలో వెలువడగానే, కొనువారు వెనుదీసిరి, వెలలు కూలెను. 2024లో ప్రభుత్వము మారి పనులు మరల ఆరంభమగుటతో తిరిగి కదలిక వచ్చెను. ఇందలి రాజకీయము నా విషయము కాదు. ఒకే భూమి, ఒకే మట్టి. పదేండ్లలో వెల లేచెను, పడెను, మరల లేచెను. పడినప్పుడు అప్పు లేనివాడు వేచియుండగలిగెను. అప్పు తెచ్చి కొనినవాడు, బిడ్డ పెండ్లికో చదువునకో సొమ్ము కావలసినవాడు వచ్చిన వెలకు తెగనమ్మవలసివచ్చెను.

ఇప్పుడు లెక్క చూతము. ఇరువురు పొరుగువారు చెరియొక యిల్లు 20 లక్షలకు కొనిరనుకొనుడు. ఒకడు సొంతసొమ్ముతో కొనెను. రెండవవాడు 4 లక్షలు చేతినుండి పెట్టి, 16 లక్షలు అప్పు చేసెను. వెల నాలుగవవంతు పడి 15 లక్షలకు దిగెను. మొదటివాని యింటి వెల తగ్గెనేగాని, యిల్లు తగ్గలేదు. అవే గదులు, అదే నీడ. రెండవవాడు అప్పుడే అమ్మవలసివచ్చినచో, తన 4 లక్షలు పోవుటయేగాక ఇంకను లక్ష బాకీపడును. కావున కొనబోవు వానిని మనము అడుగవలసిన మొదటి ప్రశ్న, ఈ యిల్లు చవుకయా ప్రియమా యని కాదు. రాబడి రెండేండ్లు తగ్గినను వాయిదాలు కట్టగలవా యని.

అమ్మబోవు వానికి వేరొక లెక్క గలదు. ఒకని యిల్లు మునుపు 20 లక్షలు పలికెను. నేడు 16 లక్షలకే అడుగుచున్నారు. అతనికి 10 లక్షల అప్పు, నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ. నాలుగు లక్షలు పోగొట్టుకొందునా యని అతడు వేచియుండును. నెలకు వడ్డీ 20,000 రూపాయలు, ఏడాదికి 2,40,000, రెండేండ్లకు 4,80,000. పాత వెల తిరిగి వచ్చినను, నాలుగు లక్షలు దక్కించుకొనుటకు నాలుగు లక్షల ఎనుబదివేలు వ్యయపరచినవాడగును. వెల రాకున్నచో చెప్పనేల? మునుపటి వెల మన మనస్సులోనిది. వడ్డీ మన నెత్తిమీదిది. అప్పు లేనిచో, ఇంట కాపురమున్నచో, లేక అద్దె వచ్చుచున్నచో వేచియుండుట తప్పు గాదు.

ఒక యిల్లమ్మి వేరొకటి కొనువారు వెల పడెనని అనవసరముగా దుఃఖింతురు. చిన్న యిల్లు 20 లక్షలనుండి 15కు పడెను. కొనదలచిన పెద్ద యిల్లు 40 లక్షలనుండి 30కి పడెను. మునుపు పైన వేయవలసినది 20 లక్షలు. నేడు 15 లక్షలే. పెద్ద యింటికి మారువానికి ఇది మేలైన కాలము. పెద్ద యిల్లమ్మి చిన్న యింటికి మారి, మిగిలిన సొమ్ముతో వృద్ధాప్యము గడపదలచినవారికే నష్టము. మన గ్రామములలో అట్టివారే పెక్కురు గావున, వారి విషయమున తొందరపాటు కూడదు.

వెల తెలిసికొనుట యెట్లు? అమ్మువాడు చెప్పు వెల వెల కాదు. మధ్యవర్తి చెప్పు వెలయు కాదు. గత ఆరు నెలలలో ఆ వీధిలో నిజముగా చేతులు మారిన ఇండ్లెన్ని, ఎంతకు మారెనని విచారింపవలయును. మాంద్యకాలమున మొదట తగ్గునది వెల కాదు, బేరముల సంఖ్య. అమ్మువాడు పాత వెలను విడువడు, కొనువాడు ఇంకను దిగునని వేచియుండును. ఇంకొక సంగతి. ప్రభుత్వము నిర్ణయించిన విలువ బజారు వెలతోపాటు వెంటనే దిగదు. స్టాంపు సుంకము రెంటిలో ఎక్కువదానిపై కట్టవలసివచ్చును. ఆ వ్యయమును ముందుగనే లెక్కించుకొనవలయును.

చవుకగా వచ్చుచున్నదని కాగితములు చూడకుండ కొనుట మిక్కిలి ప్రమాదము. అక్కరలో నున్నవాడు అమ్మునప్పుడే తాకట్టులు, తగవులు దాగియుండును. రిజిస్ట్రారు కచేరీనుండి ముప్పది యేండ్ల ఈ.సి. తీసి చూడవలయును. అంతటితో చాలదు, మూలదస్తావేజులను బ్యాంకులో నుంచి పుచ్చుకొన్న అప్పు దానిలో కనబడకపోవచ్చును. కావున అసలు దస్తావేజులను కన్నులార చూడక బజానా ఇయ్యరాదు. పిత్రార్జితమైన యిల్లైనచో కుమార్తెల సంతకములును ఉండవలయును. 2005 నాటి శాసనముచే దేశమంతటను వారికి కుమారులతో సమానమైన హక్కు గలదు. మైనరు బిడ్డ ఆస్తియైనచో కోర్టు అనుమతి కావలయును. 2015 జూను 1వ తేదీనుండి స్థిరాస్తి బేరములలో 20,000 రూపాయలుగాని అంతకు మించిగాని రొక్కముగా పుచ్చుకొనరాదు. బ్యాంకు ద్వారా చెల్లించిన సొమ్మునకు సాక్ష్యము దానంతట అదే యుండును.

కడపట గ్రామపెద్దలకు ముఖ్యముగా చెప్పదలచినది ఒకటి గలదు. వెలలు పడిన కాలమున, అప్పులవాడు తన యిల్లును సగము వెలకు వ్రాసి యిచ్చి, సొమ్ము చేతికి రాగానే తిరిగి యిచ్చెదవుగదా యని నోటిమాట పుచ్చుకొనుట తరచుగా జరుగును. మాట యిచ్చినవాడు మంచివాడే కావచ్చును. అతని పిమ్మట కుమారులు వత్తురు, వెలలు మరల లేచును, మాట మరపునకు వచ్చును. 1882 నాటి ఆస్తి బదలాయింపు శాసనమునకు 1929లో చేసిన సవరణచే, తిరిగి యిచ్చు షరతు ఆ క్రయ దస్తావేజులోనే వ్రాయబడకున్నచో దానిని తాకట్టుగా ఎంచుటకు వీలులేదు. వేరొక కాగితముపై వ్రాసికొనినను ఈ విషయమున ప్రయోజనము లేదు.

రొయ్యల ధర పడిన యొక యేట, మా ప్రాంతమున ఒక రైతు ఇట్లే తన పెంకుటింటిని వ్రాసి యీయ వచ్చెను. వెంట వచ్చిన ఊరి పెద్ద యొకరు, షరతు ఈ కాగితములోనే యుండవలయును, లేనిచో నేను సాక్షి సంతకము చేయనని పట్టుబట్టెను. కొనువాడు కొంత నొచ్చుకొనెను; కాని వ్రాయుటకు సమ్మతించెను. నాలుగేండ్లకు రైతు సొమ్ము కట్టి తన యిల్లు తాను విడిపించుకొనెను. ఇరువురును నేటికిని ఒకరి యింట శుభకార్యమునకు ఒకరు పోవుచున్నారు. ఆ పెద్దమనిషి పట్టుదల ఒక యింటినే గాక, ఒక స్నేహమునుగూడ నిలిపెను.

అయ్యలారా, అమ్మలారా, వెలలు మన చేతిలో లేవు. అప్పు ఎంత చేయవలయునను నిర్ణయము మన చేతిలో నున్నది. అక్కరలో నున్నవాని యింటికి న్యాయమైన వెల కట్టుటయు మన చేతిలో నున్నది. మీ యెదుట సంతకము కొరకు కాగితము వచ్చినప్పుడు, చదివి వినిపింపుమని యడుగుడు; అమ్మువాడు ఏల అమ్ముచున్నాడో యడుగుడు; రాత్రి నిద్రించి మరునాడు సంతకము చేయుడు. ఒకదినపు ఆలస్యముచే మంచి బేరము చెడదు. చెడు బేరము మాత్రము పెక్కుమార్లు ఆగిపోవును.