తలదెబ్బ

పెద్దలారా, పుల్లలచెరువు ప్రాంతమున చింతచెట్టు దిగుచు జారినను, మోటారుసైకిలు మీదినుండి పడినను, నెత్తురు కారిననే గాని మనవారు వైద్యుని తలంపరు. కన్నులు తిరిగి లేచినవానికి నీరు త్రాగించి పొలమునకు పంపుదురు.

మెదడు సుమారు 1400 గ్రాముల మెత్తని పదార్థము. కపాలములోని నీటియందు కడవలోని వెన్నముద్దవలె నుండును. కుదుపునకు ఎముక విరుగకపోవచ్చును, సీటీ చిత్రమున ఏమియు గానరాకపోవచ్చును. అయినను తలనొప్పి, మతిమరపు, వెలుతురునకు ఓర్వలేమి కొన్నాళ్లుండును. ఒకటి రెండు దినములు విశ్రమించి మెల్లగా పనిలో దిగవలెను. అది మానకముందే మఱల దెబ్బ తగులరాదు. మాటిమాటికి వాంతియైనను, మూర్ఛ వచ్చినను, లేపినను లేవకున్నను తక్షణమే 108కి ఫోను చేయవలెను.

మనబోటి వృద్ధుల సంగతి వేఱు. వయసుతో మెదడు కొంత కుంచించుకొనుటచే పైనున్న సన్నని రక్తనాళములు చిన్నదెబ్బకే తెగవచ్చును. నెత్తురు మెల్లమెల్లగా చేరి, కొన్ని వారములకు నడక తడబడును, మాట తప్పును, పగలు మగత కమ్మును. ఇంటివారు ముసలితనమని యూరకుందురు. పెక్కురకది చిన్న శస్త్రచికిత్సతో కుదురునే! రక్తము పలుచబడుటకు మందు మ్రింగువారు దెబ్బ తగిలిననాడే ఆసుపత్రికి పోవలెను. తక్కినవారు ఆ తేదీని పంచాంగమున గుర్తువేసికొనుడు. నెల గడచిన పిదపనైనను డాక్టరుగారికది పనికివచ్చును.