పేదవాడు నేరస్థుడా?
(జుమా ప్రసంగం, కొల్లాపూర్)

స్తుతిస్తోత్రాలన్నీ అల్లాహ్‌కే. మనల్ని సృష్టించినవాడు, మనకు ఉపాధినిచ్చేవాడు, మన రహస్యాలనూ బహిరంగాలనూ ఎరిగినవాడు ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులందరిపై శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! ముందుగా మాకు మేము, ఆ తరువాత మీకు, అల్లాహ్ పట్ల భయభక్తులు వహించమని ఉపదేశిస్తున్నాము. భయభక్తులు నమాజు వరుసలో నిలబడినప్పుడు మాత్రమే ఉండవలసినవి కావు. వాకిట్లో చేయి చాచిన మనిషిని మనం ఏ చూపుతో చూస్తామో, ఆ చూపులో కూడా అవి ఉండాలి. ఈ రోజు ఆ చూపును గురించే మాట్లాడదలచుకున్నాము.

కొంతకాలం క్రితం ఒక శుక్రవారం, నమాజు ముగిశాక, వజూ చేసే చోట గట్టు మీద పెట్టిన ఒక సోదరుని ఫోను కనిపించలేదు. గేటు పక్కన ఒక స్త్రీ పసిబిడ్డతో కూర్చుని ఉంది. ఎవరో ఆమె వైపు చేయి చూపారు. అంతే, పదిమంది ఆమెను చుట్టుముట్టారు. మూట విప్పించారు. అందులో పిడికెడు బియ్యం, ఒక పాత దుప్పటి, బిడ్డ గౌను ఉన్నాయి. ఫోను లేదు. అయినా "రేపటినుంచి ఇక్కడ కూర్చోవద్దు" అని చెప్పి పంపివేశారు. ఆ గుంపులో మేమూ ఉన్నాము. నోరు మెదపలేదు.

ఆ ఫోను ఈనాటికీ దొరకలేదు. ఎవరు తీశారో అల్లాహ్‌కు తెలుసు. కానీ ఒక సంగతి మాకు తెలుసు. ఆ రోజు ఆ గట్టు మీద ఎంతోమంది వజూ చేశారు. వారిలో ఒక్కరి జేబునూ మనం వెతకలేదు. ఆమె మూటనే ఎందుకు విప్పించాము? ఆమె పేదది కనుక. ఇంతకు మించిన సాక్ష్యం మన వద్ద లేదు. ఆ తరువాత ఆమె గేటు వద్ద మళ్ళీ కనిపించలేదు.

సోదరులారా! ఇటువంటి సంఘటన మదీనాలోనూ జరిగింది. తఫ్సీర్ గ్రంథాలలో అన్నిసా సూరా 105వ ఆయతు, దాని తరువాతి ఆయతుల వివరణలో అది కనిపిస్తుంది. ముస్లిముల తెగకు చెందిన ఒకడు ఒక కవచాన్ని దొంగిలించి, దానిని ఒక యూదుని ఇంటికి చేర్చాడు. అతని తెగవారు దైవప్రవక్త (స) వద్దకు వచ్చి తమవాని తరఫున వాదించారు. వారు గౌరవనీయులు, ఆ యూదుడు పరాయివాడు. నింద అతని మీదే నిలిచిపోయే పరిస్థితి వచ్చింది. అప్పుడు అల్లాహ్ ఆయతులు అవతరింపజేసి ఆ యూదుణ్ణి నిర్దోషిగా నిలిపాడు. నమ్మకద్రోహుల పక్షాన వాదించవద్దని తన ప్రవక్తను ఆదేశించాడు. ఎవరో ఒక పరాయి మనిషి పరువు కోసం ఆకాశం నుండి వహీ వచ్చింది! అమాయకుని మీద నింద మోపడం అల్లాహ్ వద్ద ఎంత పెద్ద విషయమో ఇక్కడే గ్రహించండి.

ఒక మనిషి మీద నింద మోపితేనే ఇంత పాపమైతే, ఒక జాతి మొత్తం మీద నింద మోపితే ఎంత పాపం? మన దేశంలో అదే జరిగింది. 1871లో ఆంగ్ల ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. 1911లో దానిని మద్రాసు రాష్ట్రానికి విస్తరించింది. ఆ చట్టం ప్రకారం నేరం రుజువు కానక్కరలేదు. ఫలానా కులంలో పుడితే చాలు. వేలిముద్రలు తీసుకునేవారు, పేరు రిజిస్టరులో ఎక్కించేవారు, హాజరు పలికించేవారు. ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. ఎరుకల కుటుంబాలను బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో సెటిల్‌మెంటు పెట్టి అక్కడికి చేర్చారు. మన కృష్ణానదికి ఆవలి ఒడ్డున, అప్పటి కర్నూలు జిల్లా సిద్ధాపురంలోనూ అటువంటి సెటిల్‌మెంటే నడిచింది.

వారు మొదటినుంచీ దొంగలా? కాదు. ఎడ్ల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోసుకుని ఊరూరా అమ్ముకున్న వర్తకులు వారిలో ఎందరో. రైలు వచ్చింది, ఉప్పు మీద ప్రభుత్వం పెత్తనం వచ్చింది, వారి బేరం పోయింది. మొదట బతుకుతెరువు పోయింది, ఆ తరువాత పేరు పోయింది. స్వాతంత్ర్యం వచ్చాక 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. కానీ దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. కాగితం మీద కులం పేరు పోయినా, పోలీసు రికార్డులో, జైలు నిబంధనలలో, మన నాలుక మీద అది మిగిలిపోయింది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైలు నియమావళులలో కులాన్ని బట్టి పని అప్పగించే నిబంధనలను, విముక్త జాతులవారిని పుట్టుకతో నేరస్థులుగా లెక్కించే మాటలను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. అంటే ఒక మచ్చను చెరపడానికి మరో డెబ్బై రెండు సంవత్సరాలు పట్టింది.

ఈ తప్పు పరాయి పాలకులదే అని మనం చేతులు దులుపుకోలేము. ముస్లిం పాలకుడైన నిజాం రాజ్యంలోనే, 1329 ఫస్లీలో, అంటే 1919లో, హిజ్రాల పేర్లను రిజిస్టరులో నమోదు చేయాలని, వారిని వారంటు లేకుండా పట్టుకోవచ్చని ఒక చట్టం వచ్చింది. దానిని 2023లో తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది. మనిషి చేసిన పనికి శిక్ష ఉంటుంది. మనిషి ఫలానావాడు అయినందుకు శిక్ష వేయడం న్యాయం కాదు, జుల్మ్. జుల్మ్ చేసినవాని పేరు ముస్లిం పేరైనంత మాత్రాన అది న్యాయంగా మారదు.

ఇక యాచకుల విషయం చూడండి. మన రాష్ట్రంలో 1977 నాటి యాచక నిరోధక చట్టం ఉంది. 2017 నవంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ సదస్సు జరగబోతుండగా, నగరంలో భిక్షాటనను రెండు నెలలు నిషేధించి, రోడ్ల మీది యాచకులను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ ఆవరణలలోని ఆశ్రమాలకు తరలించారు. అతిథుల కంట పేదరికం పడకూడదని! మరుసటి సంవత్సరం ఆగస్టు 8న ఢిల్లీ హైకోర్టు, ఆ నగరంలో భిక్షాటనను నేరంగా చేసిన నిబంధనలను కొట్టివేసింది. తిండి, గూడు చూపలేని ప్రభుత్వం వాటికోసం చేయి చాచినవానిని శిక్షించరాదన్నదే ఆ తీర్పు సారాంశం.

పద్నాలుగు వందల సంవత్సరాల క్రితం హజ్రత్ ఉమర్ (రజి) ఏం చేశారో ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) తమ కితాబుల్ ఖరాజ్‌లో నమోదు చేశారు. ఒక వృద్ధ యూదుడు, చూపు లేనివాడు, వాకిట నిలిచి యాచిస్తున్నాడు. ఉమర్ (రజి) అతణ్ణి పొమ్మనలేదు. ఎందుకు ఈ స్థితి వచ్చిందని అడిగారు. పన్ను భారం, అవసరం, ముసలితనం అని అతడు చెప్పాడు. ఖలీఫా అతని చేయి పట్టుకుని ఇంటికి తీసుకువెళ్ళి ఉన్నది ఇచ్చారు. ఆపై బైతుల్ మాల్ అధికారికి కబురు పంపి, ఇతనికీ ఇతనివంటివారికీ జీతభత్యం ఏర్పరచమని, పన్ను తీసివేయమని ఆజ్ఞాపించారు. యాచకుణ్ణి చూసి ఖలీఫా తప్పు తన పాలనలో వెతికారు. మనం యాచకునిలోనే వెతుకుతాము.

ఇస్లాం దొంగతనాన్ని సమర్థించదు. అవసరం లేకుండా యాచించడాన్ని మన ప్రవక్త (స) తీవ్రంగా గర్హించారు. కష్టపడి తినడాన్నే మెచ్చుకున్నారు. మరి శిక్షకు ముందు ఏమి అడగాలి? సునన్ అబూ దావూద్‌లో ఒక హదీసు ఉంది. కరువు కాలంలో ఆకలితో మదీనాకు వచ్చిన ఒక యువకుడు ఒక తోటలో దూరి వెన్నులు నలుపుకుని తిన్నాడు, కొన్ని పైబట్టలో కట్టుకున్నాడు. యజమాని వచ్చి అతణ్ణి కొట్టి, బట్ట లాక్కున్నాడు. ఫిర్యాదు దైవప్రవక్త (స) వద్దకు వెళ్ళింది. ఆయన మందలించినది ఎవరిని? యజమానిని! ఆ యువకుడు ఆకలిగా ఉన్నప్పుడు తిండి పెట్టలేదని, తెలియనప్పుడు నేర్పలేదని నిలదీశారు. బట్ట తిరిగి ఇప్పించారు. పైగా ఆ యువకునికి ధాన్యం ఇప్పించారు.

సోదరులారా! తిండి పెట్టామా? నేర్పామా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పకుండా పేదవాని మీద చేయి ఎత్తే హక్కు మనకు లేదు.

ఈ ప్రశ్నలను మన కొల్లాపూర్‌లో వేసుకుందాము. మన ఊరి అంచు నుండే నల్లమల మొదలవుతుంది. చెంచులు ఆ అడవిలో తేనె తీసి, గడ్డలు తవ్వుకుని తరతరాలుగా బతికారు. అడవి చట్టాలు వచ్చాక తాతల నాటి పనే నేరమైంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం, అడవిబిడ్డలకు చారిత్రక అన్యాయం జరిగిందని తన పీఠికలోనే ఒప్పుకుంది. ఆ చెంచు మనిషి మన దుకాణానికి వస్తే తూకం సరిగా వేస్తున్నామా? లేక కన్ను అతని చేతి మీదే ఉంచుతున్నామా? శ్రీశైలం జలాశయంలో భూములు పోయి చెల్లాచెదురైన కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి. వారి బిడ్డలు పని అడిగితే ఊరూ పేరూ లేనివారని పంపివేస్తున్నామా?

మనవారిలోనే ఫకీర్లు, గారడీ సాయిబులు, గుడ్డి ఎలుగువాళ్ళు ఉన్నారు. 2007లో బీసీ-ఇ జాబితాలో చేరిన వర్గాలలో వారి పేర్లున్నాయి. వారూ కలిమా చదివినవారే. మరి పెళ్ళి విందులో వారిని ఏ పంక్తిలో కూర్చోబెడుతున్నాము? పేరు చూసి అద్దెకు ఇల్లు ఇవ్వని చేదు అనుభవం మనలో ఎందరికో ఉంది. ఆ బాధ తెలిసిన మనమే మరొకరి కులం చూసి తలుపు వేస్తే, రేపు అల్లాహ్ ఎదుట ఏ ముఖంతో ఫిర్యాదు చేస్తాము?

ఇంకొక మాట. మన పాలమూరు కూలీలు, మేస్త్రీలు దేశమంతా తిరుగుతారు. ఎక్కడో చిన్న కేసులో ఇరుక్కుంటే, బెయిలు వచ్చినా జామీను ఇచ్చేవారు లేక జైలులో ఉండిపోతారు. 1978లో సుప్రీంకోర్టు ముందుకు ఒక మేస్త్రీ కేసు వచ్చింది. కింది కోర్టు పదివేల రూపాయల జామీను అడిగింది. వేరే జిల్లాలోని అతని అన్నదమ్ముని ఆస్తిని అంగీకరించలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పద్ధతిని తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీ మీద అతణ్ణి విడిపించారు. అయినా నేటికీ డబ్బున్నవాడు సాయంత్రానికి ఇంటికి వస్తాడు, లేనివాడు లోపలే ఉంటాడు. జకాత్ ఎవరికి చెందాలో అత్తౌబా సూరా చెప్పిన ఎనిమిది వర్గాలలో మెడలు విడిపించడం ఉంది, అప్పులలో కూరుకుపోయినవారూ ఉన్నారు. మన మొహల్లాలో ఎవరి కొడుకైనా జామీను లేక జైలులో ఉన్నాడేమో కనుక్కోండి. ఏ మార్గంలో సాయం చేయవచ్చో ఉలమాను అడగండి. ఉచిత న్యాయ సహాయం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అతని తల్లి వెంట వెళ్ళండి. ఆమెకు ఆ మెట్లు ఎక్కడానికి భయం. మీరు పక్కన ఉంటే ఎక్కుతుంది.

అల్‌హుజురాత్ సూరాలో అల్లాహ్ మూడు పనులను వరుసగా నిషేధించాడు: చాలా అనుమానాలకు దూరంగా ఉండమన్నాడు, ఇతరుల గుట్టు వెతకవద్దన్నాడు, చాటున నిందించవద్దన్నాడు. ఆ గేటు వద్ద మనం మూడూ చేశాము. ఆ స్త్రీ ఎక్కడ ఉంటుందో మేము విచారిస్తున్నాము. కనిపిస్తే క్షమాపణ అడుగుతాము. మీలో ఎవరికైనా తెలిస్తే నమాజు తరువాత మాకు చెప్పండి. మనిషికి చేసిన అన్యాయాన్ని ఆ మనిషి క్షమించవలసి ఉంటుంది. కేవలం మన సజ్దాలతో అది తీరదు.

ఓ అల్లాహ్! మా చూపులను అనుమానం నుండి శుద్ధి చేయి. మా చేతులను ఇచ్చే చేతులుగా చేయి. నిరపరాధులై నిర్బంధంలో ఉన్నవారిని విడిపించు, ఆకలిగొన్నవారికి హలాల్ ఉపాధిని ప్రసాదించు. పేదవానిని అవమానించినవారి వరుసలో మమ్మల్ని నీ ఎదుట నిలబెట్టకు. ఆమీన్.