ట్యూబులో ఏముందో తల్లికి ఎవరు చెప్పాలి?

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



కూలి రేట్లు, గృహహింస, భూమి హక్కుల పక్కన పిల్లల ఒంటి మీది ఎర్రదద్దు చిన్న విషయంగానే కనిపిస్తుంది. కానీ గద్వాల పత్తి విత్తనాల చేలో ఒక తల్లి అడిగిన మాట నన్ను వదలడం లేదు. ఆమె ఏడాది బిడ్డకు గజ్జల్లో చర్మం పలచబడి ఎర్రగా కందిపోయింది. "పూస్తే తగ్గుతది, బంద్ జేస్తే మళ్ల లేస్తది. నేనేం తప్పు జేసిన అక్కా?" అంది.

ఆమె తప్పేమీ లేదు. షాపులో దురద మందు అడిగితే ఇచ్చిన ఆ ట్యూబులో క్లోబెటసాల్ ఉంది. అది చాలా తీవ్రమైన స్టెరాయిడ్. దాన్ని తామర మందుతో కలిపి అమ్ముతున్నారు. స్టెరాయిడ్ ఎరుపునూ దురదనూ అణుస్తుంది గాని తామరను చంపదు. పైకి తగ్గినట్టుంటుంది, కింద తామర పాకుతూనే ఉంటుంది. బరువుతో పోలిస్తే పసివాళ్ళ చర్మం విస్తీర్ణం ఎక్కువ. గుడ్డ కట్టిన చోట మందు మరింతగా ఇంకుతుంది. నెలల తరబడి పూస్తే రక్తంలో చేరి బిడ్డ ఎదుగుదలనే దెబ్బతీయవచ్చు.

2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. అయినా ఆమెను చీటీ అడిగినవాళ్ళు లేరు. ట్యూబు మీది హెచ్చరిక ఇంగ్లీషులో, చీమ తలంత అక్షరాల్లో ఉంది. చదవలేని తల్లికి అది ఉన్నా లేనట్టే.

ఇది స్త్రీల సమస్య ఎందుకంటే, బిడ్డకు పుండు లేస్తే "తల్లికి శుభ్రత లేదు" అంటారు. ఆస్పత్రికి పోతే ఆమెకే ఒకరోజు కూలి పోతుంది. ఆడపిల్ల నల్లగా ఉంటే తెల్లబడుతుందని ఇలాంటి క్రీమే రాయమనేవాళ్ళూ ఉన్నారు. లాభం అమ్మినవాడికి, నింద అమ్మకు!

మనం చేయగలిగినవి ఉన్నాయి. సంఘం సమావేశాలకు ఇళ్ళలోని ట్యూబులు తెమ్మందాం. క్లోబెటసాల్, బెటామెథసోన్, మోమెటసోన్ పేర్లు కలిసి చదువుదాం. చాలాకాలంగా పూస్తుంటే హఠాత్తుగా మానకుండా, ట్యూబుతో సహా డాక్టరుకు చూపించమందాం. వనపర్తి, నాగర్‌కర్నూలులో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. పిల్లల చర్మవ్యాధుల వైద్యం అక్కడ మన హక్కుగా అడుగుదాం. హెచ్చరిక తెలుగులో ఉండాలని పట్టుబడదాం.

ఆ తల్లి ప్రశ్నకు జవాబు ఆమె చెప్పాల్సింది కాదు. తయారుచేసినవాళ్ళూ, అమ్మినవాళ్ళూ, చూసీ చూడనట్టున్న అధికారులూ చెప్పాలి.