పౌరసత్వ పత్రములలో పూర్వుల జాడ

అమెరికాలోని జర్మను సంతతివారనేకులు తమ ముత్తాతలు ఏ పల్లె విడిచి వచ్చిరో యెఱుంగరు. ఆ జాడకై వారు పౌరసత్వ పత్రములను వెదకుచున్నారు.

1906 సెప్టెంబరు 27వ తేదీకి పూర్వము, వలసవచ్చినవాడు ఊరి కోర్టు మెట్లెక్కినను, కేంద్రపు కోర్టు మెట్లెక్కినను చెల్లెడిది. కావున రాజధానిలో వెదకిన లాభము లేదు. అతడు కాపురమున్న చోటి కోర్టు చిట్టాలనే తిరుగవేయవలయును. అవి నేడు కొన్ని కోర్టులలోనే యున్నవి, కొన్ని రాష్ట్ర దస్త్రశాలలకు చేరినవి. కాగితములును రెండు: పౌరుడగుదునను సంకల్ప ప్రకటనము మొదటిది, అయిదేండ్ల నివాసము పిమ్మట పెట్టుకొన్న అర్జీ రెండవది. ఇవి రెండును ఒక్క యూరనే యుండవలెనను నియమము లేదు.

ఇంత శ్రమపడినను పాత పత్రమున పల్లె పేరుండుట అరుదు. ప్రష్యా రాజునకో, బేడెన్ ప్రభువునకో విధేయత విడిచితినని మాత్రముండును; 1871కి ముందు జర్మనీ యేకరాజ్యము కాదు గదా! బేడెన్ అన్నచో వెదకవలసిన సీమ తేలినట్లే. ప్రష్యా యన్నచో, పాపము, అది మహారణ్యమే. 1906 తరువాతి అర్జీలలో పుట్టిన యూరు, తేదీ, ఎక్కివచ్చిన యోడ పేరు సయితము కానవచ్చును.

1855 మొదలు 1922 వఱకు భర్త పౌరుడైన భార్యయు సాధారణముగా పౌరురాలయ్యెడిది. ఆమెకు వేఱు పత్రము లేదు. ముత్తవ్వను వెదకువారు ముత్తాత పేరనే చూడవలయును.