మెహందీ పెట్టే చేతికి ధ్రువపత్రం
(మనోహరాబాద్ మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఊళ్లో పెళ్లి వస్తే ఆడపిల్ల రాత్రంతా మేలుకొని ఇరవై చేతులకు మెహందీ పెడుతుంది. ఆమెకు దక్కేది దీవెనలు, కొంత చిల్లర. మన స్త్రీలలో ఎందరో ఇంటిపట్టున చేసే పనులకే పరిమితమైన సంగతిని 2006లో సచార్ కమిటీ గుర్తించింది.

ఆ నేర్పుకు శిక్షణ తోడైతే అది వృత్తి అవుతుంది. పదో తరగతి పూర్తయినవారికి ఐటీఐలలో ఏడాది కాస్మెటాలజీ కోర్సు ఉన్నది. చర్మం, కేశాల స్వభావం, పరికరాల శుభ్రత, రసాయనాల వాడకం అక్కడ నేర్పుతారు. పీపీడీ కలిసిన నల్ల మెహందీ చర్మాన్ని బొబ్బలెక్కించగలదని తెలిసిన అమ్మాయి దానిని ఎవరి చేతికీ పెట్టదు. నమ్మకం అక్కడే పుడుతుంది. గిరాకీ దాని వెంటే వస్తుంది.

చిన్న వయసులోనే పెళ్లయిన షహనాజ్ హుస్సేన్ ఈ విద్య నేర్చి, ఢిల్లీలో తన ఇంట్లోనే పని మొదలుపెట్టి, 2006లో పద్మశ్రీ అందుకున్నారు.

ముద్రా పథకం శిశు విభాగంలో పూచీకత్తు లేకుండా 50,000 రూపాయల వరకు రుణం అడగవచ్చు. అది దయ కాదు, పౌరులుగా మనకున్న అవకాశం.

తండ్రులారా, అన్నలారా! బ్యాంకు ఖాతా అమ్మాయి పేరనే తెరిపించండి. స్త్రీ సంపాదనపై హక్కు ఆమెదేనని మన ధర్మమే చెబుతున్నది. ఆ మాటను ముందుగా మన ఇళ్లలో నిలబెట్టుకుందాం.