బడి బాధ్యత ఎవరిది?
(కర్గీ రోడ్ శాఖా సభలో చేసిన ప్రసంగ పాఠము)



మనలో అనేకుల కుటుంబములు బెంగాల్ నాగపూర్ రైల్వే దినములలో ఉత్తరాంధ్రనుండి వచ్చి బిలాస్‌పూర్ పరిసరములలో స్థిరపడినవి. మన పెద్దలు వెంట తెచ్చుకొన్నది రెక్కల కష్టము. పిల్లలకు ఇచ్చిన ఆస్తి చదువు. కనుక బడిని గురించిన చర్చ మనకు జీతభత్యముల చర్చకంటె చిన్నది కాదు.

1991లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రము చార్టర్ పాఠశాలల చట్టము చేసినది. మరుసటి సంవత్సరమే మొదటి బడి వెలసినది. ధనము ప్రభుత్వముది, ఫీజు లేదు. నిర్వహణ మాత్రము ఒప్పందముపై వేరొక సంస్థది. దరఖాస్తులు సీట్లను మించినచో చీటీలు తీయుదురు. విద్యార్థి వెంట నిధులు నడచును. పేదవాని బిడ్డకు మరొక దారి దొరకుట మేలే. కాని ముప్పదిమంది గల తరగతినుండి ఐదుగురు వెళ్లినచో వారి నిధులును పోవును. ఉపాధ్యాయుని జీతము, గది మరమ్మతు ఖర్చు మాత్రము తగ్గవు. ఆ భారము మిగిలినవారిపై పడును.

ఇది పరాయి కథ కాదు. 2009 విద్యాహక్కు చట్టము 12వ సెక్షను, ఎయిడు పొందని ప్రైవేటు బడుల ప్రవేశ తరగతిలో నాల్గవ వంతు సీట్లు బలహీన వర్గముల పిల్లలకు ఉచితముగా ఈయవలెనన్నది. ఖర్చు ప్రభుత్వము చెల్లించును. ఛత్తీస్‌గఢ్‌లో 2020లో ప్రారంభమైన స్వామి ఆత్మానంద ఆంగ్ల మాధ్యమ ప్రభుత్వ పాఠశాలలను కలెక్టరు అధ్యక్షతగల సొసైటీలకు అప్పగించిరి. అక్కడను సీట్లు చాలనిచో లాటరీయే. పేరు వచ్చిన ఇంట పండుగ. పేరు రాని బిడ్డ చదువు బడిని చక్కదిద్దువారెవరు?

ఇక మన సంగతి. కేంద్ర ఉద్యోగుల పిల్లల విద్యాభత్యము 2024 జనవరినుండి బిడ్డకు నెలకు 2,812 రూపాయల 50 పైసలు. గుర్తింపుగల ఏ బడికైనను అది వర్తించును. సాధించుకొన్న హక్కును వదలుకొనుమని నేననను. నేనును నా బిడ్డను ప్రైవేటు బడికే పంపితిని. అయితే గట్టిగా అడుగగలవారమందరము వెళ్లిపోయినచో సర్కారు బడిలో మిగులువారు కాంట్రాక్టు కూలీల పిల్లలు. వారి తరఫున నోరు విప్పువారుండరు. రైల్వేలు బడుల నిర్వహణనుండి తప్పుకొనవలెనని 2015లో బిబేక్ దెబ్రాయ్ కమిటీ సిఫారసు చేసిన సంగతికూడ మరువరాదు.

కనుక మన కోర్కెలు మూడు. లాటరీ తల్లిదండ్రుల ఎదుట జరుగవలెను. హాజరు తగ్గినదని బడిని మూయుటకు ముందు, ఉపాధ్యాయుల ఖాళీలెన్నో ప్రకటింపవలెను. రాజ్యాంగము 350-ఎ అధికరణము చెప్పినట్లు, తెలుగు పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పింపవలెను. అదే చట్టము 21వ సెక్షను బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులకిచ్చినది. ఆ స్థానములను ఖాళీగా వదలరాదు.

ప్రయాణికులు లేరని హాల్టు ఎత్తివేయునపుడు, బండి ఆపనిచో ప్రయాణికులెట్లు వత్తురని మనమడుగుదుము. బడిని గురించియు అదే ప్రశ్న అడుగుదము.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!